చిన్న సంస్థలో సర్వరు: లోపనిదానము, రక్షణము

వైద్యశాస్త్రమున రోగమునకు మూలకారణమును కనుగొనుటను నిదానమందురు. వాడుకలో నిదానమనగా తొందరపాటు లేకుండుట. కంప్యూటర్ల నెట్‌వర్కు చెడినప్పుడు ఈ రెండు విధముల నిదానమును కావలెను. కారణము తెలియకుండ మందు వేసినచో రోగము ముదురును. కారణము తెలియకుండ మీటలు నొక్కినచో నెట్‌వర్కు మరింత చెడును.

పదునైదు, ఇరువది కంప్యూటర్లు గల ఒక టోకు మందుల వ్యాపార సంస్థను ఉదాహరణముగా తీసికొందము. బిల్లులు, సరకు నిల్వలు, చిల్లర దుకాణదారుల బాకీలు, ఉద్యోగుల జీతముల పట్టీలు, ఇవి అన్నియు ఒక సర్వరులో నుండును. ఒకనాటి ఉదయమున కంప్యూటర్లు సర్వరును చేరలేకపోయినచో బిల్లు తయారు కాదు. బిల్లు లేనిదే మందుల పెట్టెలు బండి ఎక్కవు. సాయంకాలమునకు ఊరిలోని దుకాణములలో మందులు కరవగును. బాకీల ఖాతా శాశ్వతముగా పోయినచో, ఎవరు ఎంత ఇవ్వవలెనో చెప్పుటకు ఆధారమే ఉండదు. పెద్ద సంస్థలలో ఈ పనిని చూచుటకు ప్రత్యేక శాఖలు కలవు. చిన్న సంస్థలో గుమాస్తాలలో ఒకరో, కబురు పంపిన వచ్చు నిపుణుడో చూడవలసినదే. కావున సర్వరు ఏమి చేయునో, అది ఎచ్చటెచ్చట చెడునో, దొంగలు ఏ దారిని ప్రవేశింతురో తెలిసికొనుట అవసరము.

సర్వరు చేయు పనులు

సర్వరు కూడ ఒక కంప్యూటరే. ఇతర కంప్యూటర్లు అడిగిన సేవలను చేయుటచే దానికి ఆ పేరు వచ్చినది. చిన్న సంస్థలలో మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్ సర్వరు విరివిగా వాడుకలో ఉన్నది. 2000వ సంవత్సరమున వెలువడిన విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ అను ఏర్పాటు వచ్చినది. ఇది ఒక పెద్ద హాజరుపట్టీ వంటిది. సంస్థలోని ఉద్యోగుల పేర్లు, కంప్యూటర్ల పేర్లు, ఎవరికి ఏ అధికారము కలదో ఇందులో వ్రాసియుండును. ఈ పట్టీ క్రిందకు వచ్చు కంప్యూటర్ల సమూహమును డొమైన్ అనియు, పట్టీని కాపాడు సర్వరును డొమైన్ కంట్రోలరు అనియు అందురు.

ఇట్టి సర్వరు చేయు ముఖ్యమైన పనులు నాలుగు: కంప్యూటర్లకు చిరునామాలు పంచుట, పేరు చెప్పిన చిరునామా చెప్పుట, వచ్చినవారు ఎవరో గుర్తించుట, ఫైళ్లను భద్రపరచి అధికారము గలవారికి ఇచ్చుట. ఒక పని చెడినచో దాని మీద ఆధారపడిన తక్కిన పనులును చెడినట్లు కనిపించును. నిదానములోని కష్టమంతయు ఇందులోనే ఉన్నది.

చిరునామాల పంపకము

నెట్‌వర్కులోని ప్రతి కంప్యూటరునకు 192.168.1.25 వంటి అంకెల చిరునామా ఉండవలెను. ఒకే చిరునామా ఇద్దరికి ఉండరాదు. చేతితో వ్రాసి ఇచ్చినచో పొరపాట్లు వచ్చును గనుక, ఈ పంపకమును డి.హెచ్.సి.పి. అను సేవకు అప్పగింతురు. ఇది నాలుగు మాటలలో జరుగును. క్రొత్తగా వచ్చిన కంప్యూటరు "చిరునామా ఇచ్చువారు ఎవరైన ఉన్నారా?" అని నెట్‌వర్కు అంతటికి వినబడునట్లు కేక వేయును. సర్వరు "ఇదిగో, ఈ చిరునామా ఖాళీగా ఉన్నది" అనును. కంప్యూటరు "అదే నాకు ఇవ్వుడు" అని కోరును. సర్వరు "ఇచ్చితిని" అని ధ్రువపరచును.

ఈ చిరునామా శాశ్వతపు హక్కు కాదు, కౌలు వంటిది. విండోస్ సర్వరులో మార్చకున్నచో కౌలు గడువు 8 దినములు. సగము గడువు తీరగానే కంప్యూటరు దానిని పొడిగించుకొనుటకు యత్నించును. ఇందుండియే ఒక చిక్కు పుట్టును. సర్వరునకు పంచుటకు 50 చిరునామాలు మాత్రమే ఇచ్చితిమనుకొందము. కంప్యూటర్లు ఇరువదియే, కాని వై-ఫై ద్వారా ఉద్యోగుల ఫోనులు, వచ్చిపోవు ఖాతాదారుల ఫోనులు కూడ ఒక్కొక్క చిరునామాను పుచ్చుకొని 8 దినములు అట్టిపెట్టుకొనును. కొన్ని దినములలో 50 చిరునామాలును చెల్లిపోవును. అప్పుడు ఉదయమున ఆలస్యముగా వెలిగించిన కంప్యూటరునకు చిరునామా దొరకదు. బయటివారి ఫోనులకు వేరొక వై-ఫై ఏర్పరచి, అచ్చట కౌలు గడువును కొన్ని గంటలకు తగ్గించుట దీనికి విరుగుడు.

చిరునామా దొరకని విండోస్ కంప్యూటరు తనంతట తానే 169.254తో మొదలగు ఒక చిరునామాను పెట్టుకొనును. ఈ అంకె కనబడినచో కంప్యూటరు కేక వేసినది గాని ఎవరును పలుకలేదని అర్థము. కేబులు ఊడియుండవచ్చును, స్విచ్చి చెడియుండవచ్చును, సర్వరులో ఆ సేవ నిలిచియుండవచ్చును, లేదా చిరునామాలు చెల్లిపోయి యుండవచ్చును. ఇందుకు భిన్నమైన మరియొక లక్షణము కలదు. 192.168.1 వరుసలో ఉండవలసిన కంప్యూటర్లలో కొన్ని 192.168.0 వరుసలోనికి మారినచో, ఎవరో ఇంటిలో వాడు వై-ఫై రౌటరును తెచ్చి గోడలోని సాకెటునకు తగిలించిరని అనుమానింపవలెను. ఆ రౌటరు కూడ చిరునామాలు పంచును. కేకకు ముందు పలికినవాని చిరునామాయే కంప్యూటరు పుచ్చుకొనును గనుక, సగము మందికి సరియైనవి, సగము మందికి తప్పుడువి చేరును.

పేరు, చిరునామా

మనుష్యులు పేర్లను జ్ఞాపకముంచుకొందురు. యంత్రములకు అంకెలు కావలెను. పేరును అంకెగా మార్చి చెప్పు ఏర్పాటు డి.ఎన్.ఎస్. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించెను. ప్రపంచమంతటి ఇంటర్నెట్టునకు ఇదియే ఆధారము. విండోస్ డొమైన్‌లో దీని పని ఇంకను పెద్దది. డొమైన్ కంట్రోలరు ఎచ్చట నున్నదో కంప్యూటరు తెలిసికొనునది కూడ డి.ఎన్.ఎస్. ద్వారానే.

చిన్న సంస్థలలో తరచుగా కనిపించు తప్పు ఇచ్చట జరుగును. ఇంటర్నెట్టు ఆగిపోకుండుటకని, ప్రతి కంప్యూటరులోను మొదటి డి.ఎన్.ఎస్. సర్వరుగా తమ సర్వరును, రెండవదిగా 8.8.8.8 వంటి బయటి సర్వరును వ్రాయుదురు. ఒకటి చెడినచో రెండవది ఆదుకొనునని వారి ఊహ. కాని రెండింటికి తెలిసిన సంగతులు ఒకటి కావు. సంస్థలోని పేర్లు సంస్థ సర్వరునకు మాత్రమే తెలియును. ఏదో ఒక క్షణమున మొదటి సర్వరు జవాబు చెప్పుటలో జాగు చేసినచో కంప్యూటరు బయటి సర్వరును అడుగును. అది "అట్టి పేరు లేదు" అని చెప్పును. జవాబు రాకపోవుట వేరు, లేదని జవాబు వచ్చుట వేరు. జవాబు రానిచో కంప్యూటరు మరల అడుగును. లేదని జవాబు వచ్చినచో నమ్మి ఊరకుండును.

దీని లక్షణము విచిత్రముగా ఉండును. వార్తల పేజీలు చక్కగా తెరుచుకొనును, బిల్లుల ఫోల్డరు మాత్రము తెరుచుకొనదు. ఉదయమున పాస్‌వర్డు కొట్టిన తరువాత తెర రావడానికి ఐదు నిమిషములు పట్టును. ఇంటర్నెట్టు పనిచేయుచున్నది గనుక నెట్‌వర్కు బాగున్నదని తలచి, సర్వరును తప్పుపట్టి, దానిని ఆపి వెలిగింతురు. కాసేపు బాగుపడినట్లు కనిపించి మరల మొదటికి వచ్చును. సరియైన పద్ధతి ఏమనగా, కంప్యూటర్లలో సంస్థ డి.ఎన్.ఎస్. సర్వరును మాత్రమే వ్రాయవలెను. బయటి పేర్లను ఎవరిని అడుగవలెనో ఆ సర్వరునకు చెప్పియుంచవలెను. వీలైనచో సంస్థలోనే రెండవ డొమైన్ కంట్రోలరును నెలకొల్పవలెను. అప్పుడు రెండింటికి ఒకే సంగతులు తెలిసియుండును గనుక ఒకటి ఆగినను రెండవది నిజముగానే ఆదుకొనును.

గడియారమునకు గుర్తింపునకు గల సంబంధము

గోడ గడియారము పది నిమిషములు తప్పినచో తలుపు తాళము తెరుచుకొనదని ఎవరైన చెప్పిన నమ్మము. విండోస్ డొమైన్‌లో ఇంచుమించు ఇదే జరుగును. విండోస్ 2000 మొదలుకొని డొమైన్‌లో గుర్తింపునకు కెర్బెరోస్ అను పద్ధతిని వాడుచున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టిన ఈ పద్ధతికి, గ్రీకు పురాణములలో పాతాళ ద్వారమును కాచు మూడు తలల కుక్క పేరు పెట్టిరి.

పాస్‌వర్డును తీగ మీద పంపినచో దారిలో పొంచియున్నవాడు దానిని వినును. కావున కెర్బెరోస్‌లో పాస్‌వర్డు ప్రయాణము చేయదు. ఉద్యోగి కొట్టిన పాస్‌వర్డు నుండి కంప్యూటరు ఒక రహస్యపు తాళపుచెవిని గణించును. అప్పటి వేళను ఆ తాళపుచెవితో గూఢలిపిలోనికి మార్చి డొమైన్ కంట్రోలరునకు పంపును. కంట్రోలరు వద్ద కూడ అదే తాళపుచెవి కలదు. దానితో విప్పి చూడగా సరియైన వేళ కనబడినచో, పంపినవానికి పాస్‌వర్డు తెలిసియున్నట్లే. వెంటనే ఒక టిక్కెట్టు ఇచ్చును. ఆ టిక్కెట్టును చూపి ఫైళ్ల సర్వరు, ప్రింటరు మొదలగు వానికి వేరు వేరు టిక్కెట్లు పొందవచ్చును. మార్చకున్నచో టిక్కెట్టు 10 గంటలు చెల్లును.

వేళనే ఎందుకు పంపవలెను? దారిలో పొంచియున్నవాడు ఆ గూఢలిపిని విప్పలేకపోయినను, యథాతథముగా కాపీ చేసి, తరువాత తానే పంపవచ్చును. అందులో వేళ ఉన్నందువలన పాతదని కంట్రోలరు పసిగట్టును. రెండు గడియారములు క్షణము తప్పక సమముగా ఉండుట అసాధ్యము గనుక కొంత వ్యత్యాసమును ఓర్చుకొనును. ఈ ఓర్పు విండోస్‌లో మార్చకున్నచో 5 నిమిషములు. అంతకు మించి తేడా ఉన్నచో, పాస్‌వర్డు సరియైనదైనను ప్రవేశమునకు ఆటంకము కలుగవచ్చును. కావున డొమైన్‌లోని కంప్యూటర్లు కంట్రోలరును చూచి తమ గడియారములను సరిచేసికొనును. కంట్రోలరు మాత్రము నమ్మదగిన బయటి కాలసూచిని చూచి సరిచేసికొనునట్లు ఏర్పాటు చేయవలెను. దాని గడియారమే తప్పినచో సంస్థ అంతయు తప్పుదారి పట్టును.

నిదాన క్రమము

లోపము వచ్చినప్పుడు మొదట మూడు ప్రశ్నలు వేయవలెను. ఒక కంప్యూటరునకా, అన్నిటికా? ఎప్పటినుండి? దానికి ముందు ఏమి మారినది? ఒక్కదానికే అయినచో సర్వరును ముట్టుకొననక్కరలేదు. ఒక గదిలోని వానికన్నిటికి అయినచో ఆ గది స్విచ్చిని చూడవలెను. అందరికి ఒకేసారి అయినచో సర్వరు వైపు పోవలెను.

తరువాత వెదకు పద్ధతి. ఒక గుమాస్తా బిల్లును ఫోల్డరులో దాచలేకపోవుచున్నాడనుకొందము. అతని కంప్యూటరు నుండి ఫైలు వరకు ఎనిమిది మెట్లు కలవు: నెట్‌వర్కు కార్డు, కేబులు, స్విచ్చి, చిరునామా, పేరు, గుర్తింపు, అధికారము, సర్వరు డిస్కు. ఒకటొకటిగా చూచుకొని పోయినచో ఏడు పరీక్షలు పట్టవచ్చును. మధ్యలో పరీక్షించినచో మూడు చాలును; ఏలనన ఎనిమిదిని సగము చేసిన నాలుగు, నాలుగును సగము చేసిన రెండు, రెండును సగము చేసిన ఒకటి మిగులును.

మొదటి పరీక్షగా పింగ్ అను ఆజ్ఞతో సర్వరును అంకెల చిరునామాతో పిలువవలెను. పలికినచో మొదటి నాలుగు మెట్లు బాగున్నట్లే. రెండవ పరీక్షగా సర్వరును పేరుతో తెరచి, ఫోల్డర్ల పట్టిక కనబడునేమో చూడవలెను. కనబడినచో పేరు, గుర్తింపు కూడ బాగున్నవి. మూడవ పరీక్షగా, అధికారము గల మరియొక ఉద్యోగి అదే ఫోల్డరులో వ్రాయగలడేమో చూడవలెను. అతడు వ్రాయగలిగినచో లోపము మొదటివాని అధికారములో ఉన్నది. అతడును వ్రాయలేకున్నచో సర్వరు డిస్కు నిండిపోయినదేమో చూడవలెను. మొదటి పింగ్‌కే సర్వరు పలుకకున్నచో వెనుకకు రావలెను. సాకెటు వద్ద దీపము వెలుగుచున్నదా, ఐపీకాన్ఫిగ్ అను ఆజ్ఞ చూపు చిరునామా సరియైనదా అని చూడవలెను.

ఇందులో రెండు జాగ్రత్తలు కలవు. కొన్ని చోట్ల ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డగించును. అచ్చట సర్వరు పలుకకపోవుట లోపము కాదు. కావున అన్నియు బాగున్న దినమున ఏది పలుకునో, ఏది పలుకదో వ్రాసి ఉంచుకొనవలెను. రెండవది, ఒకేసారి రెండు లోపములున్నచో సగము చేయు పద్ధతి తికమక పెట్టును. అందుచే ఒకసారికి ఒకే మార్పు చేసి, ఫలితము చూచి, అది పనికిరానిచో మొదటి స్థితికి తెచ్చి, తరువాతి మార్పునకు పోవలెను. ఐదు మార్పులు కలిపి చేసి బాగుపడినచో ఏది బాగుచేసినదో తెలియదు. ఏది క్రొత్త లోపమునకు బీజము వేసినదో అంతకంటె తెలియదు.

సర్వరు తనకు జరిగిన సంగతులను తానే వ్రాసికొనును. ఈవెంట్ వ్యూయరు అను చోట వానిని చదువవచ్చును. ప్రతి సంగతికి ఒక అంకె కలదు. 4624 అనగా ఎవరో సరిగా ప్రవేశించిరని, 4625 అనగా ప్రవేశయత్నము విఫలమైనదని, 4740 అనగా పెక్కుసార్లు తప్పుటచే ఖాతాకు తాళము పడినదని, 1102 అనగా భద్రతా దినచర్యనే ఎవరో తుడిచివేసిరని అర్థము. రాత్రి రెండు గంటలకు 4625 వందలకొలది వరుసగా కనబడినచో, అది మతిమరపు గుమాస్తా పని కాదని గ్రహింపవచ్చును.

2017 నాటి పాఠము

లోపములు తమంతట తాము వచ్చును. దాడులను మనుష్యులు తెత్తురు. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట కార్యక్రమము ప్రపంచమంతట వ్యాపించినది. కొద్ది దినములలో 150కి పైగా దేశములలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడినవి. అది ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, వానిని విప్పుటకు 300 డాలర్ల విలువ గల బిట్‌కాయిన్లు ఇవ్వవలెననియు, ఆలస్యమైనచో 600 డాలర్లనియు తెర మీద ప్రకటించెను. ఇంగ్లండులోని జాతీయ ఆరోగ్య సేవకు చెందిన ట్రస్టులలో సుమారు మూడవ వంతునకు ఆటంకము కలిగి, రోగులకు ముందుగా నిర్ణయించిన దర్శనములు, శస్త్రచికిత్సలు వేలకొలది రద్దయినవి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినవి.

ఈ దాడికి దారి ఏది? విండోస్ కంప్యూటర్లు ఫైళ్లను పంచుకొనుటకు ఎస్.ఎం.బి. అను భాషను వాడును. అది 445 అను ద్వారము గుండ నడచును. దాని మొదటి కూర్పులో ఒక లొసుగు ఉండెను. బయటినుండి తగిన రీతిగా కల్పించిన మాటను పంపినచో, పాస్‌వర్డుతో పని లేకుండ, ఎవరును ఏమియు నొక్కకుండ, కంప్యూటరు దాడిచేయువాని వశమగును. ఈ లొసుగును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు 2017 మార్చి 14నే విడుదల చేసెను. దాడి జరిగినది మే 12న. నడుమ 59 దినముల వ్యవధి ఉన్నది. సవరణ వేసికొన్న కంప్యూటర్లలోనికి ఈ దారిని అది ప్రవేశింపలేకపోయెను. మార్కస్ హచిన్స్ అను బ్రిటిషు యువకుడు ఆ కార్యక్రమమును పరిశీలించి, అది ఎవరి పేరను లేని ఒక ఇంటర్నెట్టు చిరునామా కొరకు వెదకుట చూచి, ఆ చిరునామాను తానే నమోదు చేయించెను. అది కనబడగానే ఆగిపోవునట్లు కార్యక్రమము వ్రాయబడియుండుటచే వ్యాప్తి అణగినది.

ఇందుండి నేర్వవలసినవి మూడు. మొదటిది, సవరణలను వాయిదా వేయరాదు. మైక్రోసాఫ్టు ప్రతి నెల రెండవ మంగళవారమున వానిని విడుదల చేయును. మొదట ఒకటి రెండు కంప్యూటర్లలో వేసి చూచి, తరువాత అన్నిటికి వేయుట మంచిది. రెండవది, వాడని సేవను తీసివేయవలెను. ఎస్.ఎం.బి. మొదటి కూర్పుతో నేడు సాధారణముగా పని లేదు. విండోస్ సర్వరు 2019లో అది ముందుగా అమర్చబడి రాదు. పాత సర్వర్లలో చేతితో తొలగింపవలెను. పాత స్కానర్లు కొన్ని ఈ కూర్పునే కోరును. అట్టివానిని ముందుగా గుర్తింపవలెను. మూడవది, గడువు తీరిన సర్వరును కొనసాగింపరాదు. విండోస్ సర్వరు 2008 ఆర్2కు సాధారణ సవరణలు 2020 జనవరి 14తోను, 2012 ఆర్2కు 2023 అక్టోబరు 10తోను ముగిసినవి. అట్టి సర్వరు ఈనాటికి పనిచేయుచున్నను, క్రొత్తగా బయటపడు లొసుగులు అందులో తెరిచియే ఉండును.

తాళములు, తాళపుచెవులు

దాడిచేయువారికి ఇంకను తేలికైన దారి ఒకటి కలదు. యజమాని ఇంటినుండి సర్వరును చూచుకొనుటకని రిమోట్ డెస్క్‌టాప్ సేవను నేరుగా ఇంటర్నెట్టునకు తెరచి పెట్టుదురు. దాని ద్వారము 3389 అని లోకమంతటికి తెలియును. తెరచిన ద్వారములను వెదకు యంత్రములు రాత్రింబగళ్లు తిరుగుచుండును. కనబడగానే పేర్లను, పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించును. ద్వారపు అంకెను మార్చినచో కొంత ఆలస్యమగును గాని దొరకకుండ పోదు. మొదట వి.పి.ఎన్. అను గుప్తమార్గమున ప్రవేశించి, పాస్‌వర్డుతో పాటు ఫోనులో వచ్చు అంకెను కూడ చెప్పి, తరువాతనే సర్వరును చేరునట్లు చేయుట క్షేమము.

పాస్‌వర్డు బలము పొడవులో ఉన్నది. ఆంగ్ల చిన్న అక్షరములు 26. ఎనిమిది అక్షరములతో సుమారు 20,880 కోట్ల పాస్‌వర్డులు కట్టవచ్చును. ఇది పెద్ద సంఖ్యగా తోచును గాని, వేగముగా లెక్కించు యంత్రములకు పెద్దది కాదు. నాలుగు అక్షరములు పెంచి పన్నెండు చేసినచో ఆ సంఖ్య ఇంకను 4,56,976 రెట్లు పెరుగును. సంబంధము లేని నాలుగైదు మాటలను చేర్చి వ్రాసిన పాస్‌వర్డు పొడవుగాను ఉండును, జ్ఞాపకమును ఉండును. కాని ఒకే పాస్‌వర్డును అన్ని కంప్యూటర్ల అధికారి ఖాతాకు పెట్టినచో పొడవు వలన ప్రయోజనము లేదు. ఒక కంప్యూటరులో దానిని దొంగిలించినవానికి అన్ని తలుపులును తెరుచుకొనును.

అధికారమును అవసరమునకు మించి ఇవ్వరాదు. ఈ నియమమునకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. ఒక గుమాస్తా మోసపు ఉత్తరములోని ఫైలును తెరచినచో, అందులోని దుష్ట కార్యక్రమము ఆ గుమాస్తా పేరుతోనే నడచును. అతడు ఏ ఫోల్డరులో వ్రాయగలడో ఆ ఫోల్డరును అది పాడుచేయగలదు. జీతముల ఫోల్డరును తెరుచు అధికారము అతనికి లేకున్నచో సాధారణముగా దానికిని లేదు. గుమాస్తాకు సర్వరు మీద సర్వాధికారములు ఇచ్చియున్నచో సంస్థ అంతయు ఒక్క నొక్కుతో పోవును. సర్వరును చూచుకొనువారు కూడ రోజువారీ పనికి మామూలు ఖాతాను వాడి, అధికారి ఖాతాను అవసరమైన కొద్ది నిమిషములకు మాత్రమే వాడవలెను. ఉద్యోగము మానినవారి ఖాతాలను ఆనాడే మూయవలెను.

ప్రతులు: ఆఖరి రక్ష

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను డిస్కు చెడవచ్చును, వరద రావచ్చును, దొంగ ప్రవేశింపవచ్చును. అప్పుడు సంస్థను నిలబెట్టునది ముందుగా తీసి దాచిన ప్రతి. దీనికి మూడు, రెండు, ఒకటి అను సూత్రము కలదు: సమాచారము మూడు చోట్ల ఉండవలెను, రెండు విధములైన సాధనముల మీద ఉండవలెను, ఒకటి ఆ భవనమునకు వెలుపల ఉండవలెను.

ప్రతి అని భ్రమపడు వస్తువులు కొన్ని కలవు. సర్వరులో జంట డిస్కులుండుట ప్రతి కాదు. ఒక డిస్కు చెడిన రెండవది నడచును గాని, ఒకదానిలో చెరిపిన ఫైలు రెండవదానిలోను అదే క్షణమున చెరిగిపోవును. సర్వరునకు ఎల్లప్పుడు తగిలించియుంచిన డిస్కు నమ్మదగినది కాదు. సర్వరును పట్టిన కార్యక్రమము దానిని కూడ పట్టును. విండోస్ తనలో తానే దాచుకొను నీడ ప్రతులను వాన్నాక్రై చెరిపివేసినది. కావున ఒక ప్రతియైనను పని ముగియగానే విప్పి వేరుగా ఉంచవలెను.

ప్రతి తీయుట కంటె తిరిగి నింపుట ముఖ్యము. ఇందులో కాలమును కూడ లెక్కింపవలెను. లక్ష కోట్ల బైట్లు, అనగా ఒక టెరాబైటు సమాచారమున్నదనుకొందము. క్షణమునకు 10 కోట్ల బైట్లు ఇచ్చు డిస్కు నుండి నింపుటకు 10,000 సెకన్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషములు పట్టును. అదే సమాచారమును సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్టు ద్వారా దూరము నుండి తెప్పించినచో, ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 80,000 సెకన్లు, అనగా 22 గంటలకు పైగా పట్టును. వ్యాపారము ఒక పూట ఆగునో, ఒక దినము ఆగునో ఈ గుణకారమే నిర్ణయించును. యాక్టివ్ డైరెక్టరీ ప్రతికి మరియొక పరిమితి కలదు. నేటి సర్వర్లలో మార్చకున్నచో 180 దినములు దాటిన ప్రతిని తిరిగి నింపుటకు వీలు లేదు. తీసి బీరువాలో పెట్టి మరచిన ఏడాది నాటి ప్రతి అక్కరకు రాదు. మూడు నెలలకొకసారియైనను కొన్ని ఫైళ్లను వేరొక చోట నింపి, తెరచి చూడవలెను. ఎన్నడును నింపి చూడని ప్రతి ఉన్నదో లేదో చెప్పలేము.

దాడి జరిగినట్లు తెలిసినచో మొదట చేయవలసినది నెట్‌వర్కు కేబులు ఊడదీసి, వై-ఫై ఆపి, ఆ కంప్యూటరును తక్కిన వాని నుండి వేరుచేయుట. ఏ ద్వారమున ప్రవేశించినదో కనుగొని మూసిన తరువాతనే ప్రతులను నింపవలెను. లేనిచో నింపినదియును పోవును. డబ్బు చెల్లించినంత మాత్రమున ఫైళ్లు తిరిగివచ్చునను హామీ లేదు.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

కంప్యూటరు ప్రయోగశాల గల పాఠశాలలో ఉపాధ్యాయుని సమక్షమున విద్యార్థులు కొన్ని పరీక్షలు చేయవచ్చును. ఐపీకాన్ఫిగ్ ఆజ్ఞను ఇచ్చి తమ కంప్యూటరు చిరునామాను నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ప్రక్క కంప్యూటరును మొదట అంకెతోను, తరువాత పేరుతోను పింగ్ చేసి, జవాబునకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టినదో చూడవలెను. ఆ తరువాత కేబులు ఊడదీసి అదే ఆజ్ఞను మరల ఇచ్చి, జవాబు ఎట్లు మారినదో గమనింపవలెను. చివరకు ఉపాధ్యాయుడు ఒక కంప్యూటరులో ఒక చిన్న మార్పును రహస్యముగా చేసి, విద్యార్థులను సగము చేయు పద్ధతిని అనుసరించి కనుగొనుమనవచ్చును. ఎన్ని పరీక్షలలో కనుగొనిరో, ఏ పరీక్ష ఏ అనుమానమును తొలగించినదో వరుసగా వ్రాసినచో, ఆ పేజీయే వారి మొదటి నిదాన పత్రమగును. సంస్థలో సర్వరును కాచువాని మేజా మీద ఉండవలసిన పుస్తకము కూడ ఇట్టి పేజీలతోనే నిండును.